కట్టిన సంచి

దుర్గాశ్రీ కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు ముట్టుకోకుండానే చెప్పుకుపోయింది. తమ్ముడు మణిదీప్ భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో పని చేస్తాడు. పడవలంటే పిచ్చి. ఆదివారం కొమ్మరలంక రేవులో, గోదావరి దాటించే పంటు మీద నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు. అంతలో బెంచీ కింద ఒక సంచిలో జిలెటిన్ కడ్డీలు బయటపడ్డాయి. రేవుకి కొత్త ముఖం అతనొక్కడే. జనం విరగబడి కొట్టారు. ఇప్పుడు ఎడమ చెవి వినపడటం లేదు. పోలీసులు ఉగ్రవాదం కేసు పెట్టారు.

"రేపు కేసు కేంద్రం వాళ్ల చేతికి వెళ్తుందంటండి. వెళ్తే ఇక వాడెప్పుడు బయటికొస్తాడో."

ప్రైవేట్ డిటెక్టివ్ సత్యకుమారి కళ్లజోడు తుడుచుకుని లేచింది. ఆవిడ అలా లేచిందంటే కేసు ఒప్పుకున్నట్టే. అసిస్టెంట్ రాజేంద్ర కారు తాళాలు అందుకున్నాడు. రాజమండ్రి దాటి, గోదావరి ఒడ్డున పంటు ఎక్కి కొమ్మరలంక చేరారు.

రేవులో ఎస్సై సురేంద్ర మర్యాదగానే ఫొటోలు చూపించాడు. కడ్డీలు నీళ్లలో నాని ముద్దయిపోయాయి. పేల్చే సాధనం ఏదీ లేదు. సంచి పిడిని నైలాన్ తాడుతో బెంచీ కాలికి బిగించి కట్టి ఉంది. సంచిని ముందుగా చూసి, జనాన్ని దింపి, పంటుని ఆపించింది తీర నిఘా కమిటీ పెద్ద బుల్లబ్బాయి.

ముంబయి దాడుల తర్వాత తీరంలోని మత్స్యకారులతో ప్రభుత్వం వేయించిన కమిటీ అది. అప్పుడిచ్చిన పసుపు పచ్చ కోటు బుల్లబ్బాయి ఇంకా వేసుకునే ఉన్నాడు. పేలుడు మందుతో చేపల్ని చంపేవాళ్ల దగ్గర జిలెటిన్ తోటాలు లాక్కుని స్టేషన్‌కి అప్పగించడమూ తమ పనేనని గర్వంగా చెప్పాడు. కిందటి నెల నదీముఖం దగ్గర దీపం లేని పడవ చూసి స్టేషన్‌కి ఫోన్ చేస్తే, "ఏంటి తాతా, మళ్లీ కల వచ్చిందా" అన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారింది.

అతని భార్య మరిడమ్మ అరుగు మీద చేపలు శుభ్రం చేస్తోంది. రోజూ మొదటి పంటు మీద అవతలి ఒడ్డుకి గంప తీసుకెళ్లేది ఆవిడే. ఆదివారం వెళ్లావా అని సత్యకుమారి అడిగింది.

"లేదండి. మోకాలు నొప్పి కదా, ఇయ్యాల మానెయ్యి అన్నాడండి మా ఆయన. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి, నా మోకాలు గుర్తొచ్చింది ఆయనకి." ఆవిడ నవ్వింది. సత్యకుమారి నవ్వలేదు.

సాయంత్రం టికెట్ల పాకలో అందరినీ కూర్చోబెట్టించింది. మణిదీప్‌ని కూడా తీసుకొచ్చి అక్క దుర్గాశ్రీ పక్కన కూర్చోబెట్టారు. మాట వినపడటానికి కుడి చెవి ముందుకు తిప్పుకుంటున్నాడు.

"బాంబు వదిలి పారిపోయేవాడు సంచిని కట్టడు, విసిరేసి పోతాడు. పడవ పని ఎరగని మణిదీప్‌కి కట్టాలన్న ఆలోచనే రాదు. పడవలో పెట్టిన ఏ సామానైనా కట్టకుండా వదలలేని చెయ్యి మత్స్యకారుడిది," అంది సత్యకుమారి.

సురేంద్ర అడ్డుపడ్డాడు. "ఈ ఊళ్లో అందరివీ అలాంటి చేతులేనండి."

"అవును. కానీ తోటాలు దొరికే చెయ్యి ఒకటే. పైగా మోకాలు నొప్పని పెళ్లాన్ని ఇంట్లో ఉంచిన మనిషీ ఒకడే."

మరిడమ్మ భర్త వంక చూసింది. బుల్లబ్బాయి తల దించుకున్నాడు.

"పేలదని నాకు తెలుసమ్మా. నేనే నానబెట్టాను. అయినా నా పెళ్లాన్ని ఆ పంటు ఎక్కించడానికి మనసొప్పలేదు." మణిదీప్ వైపు చూశాడు. "ఎవరినీ ఇరికించాలని కాదు. మా మాట వింటారని పెట్టాను. ఈ బాబుని కొడుతుంటే నిజం నోటిదాకా వచ్చింది. ఆ రోజు వాళ్లంతా నన్ను దేవుడన్నారు."

మణిదీప్ అక్క వైపు వంగి, ఆయన ఏమన్నాడని అడిగాడు. ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

సత్యకుమారి ఎస్సై వైపు తిరిగింది. "ఆ దీపం లేని పడవ సంగతి ఎవరైనా చూశారా?"

సురేంద్ర టోపీ సర్దుకున్నాడు. బుల్లబ్బాయి కోటు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు. జీపు వెళ్లిపోయాక కూడా దాన్ని ఎవరూ తీసుకోలేదు.

తిరుగు పంటులో రాజేంద్రకి మెచ్చుకోలు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సత్యకుమారి గెలిచిన మనిషిలా లేదు. ఎదుటి బెంచీ కింద ఎవరిదో నల్ల బ్యాగు పడి ఉంది. జనం దాన్ని చూశారు. ఒకరినొకరు చూసుకుని ఫోన్లలోకి తలలు వంచేశారు.

"ఈ బ్యాగు ఎవరిదండి?" అన్నాడు రాజేంద్ర.

"తాత పోయాడు, ఈయన దిగాడు," అన్నారెవరో. పంటంతా నవ్వింది. రాజేంద్ర ముఖం ఎర్రబడింది, కూర్చోబోయాడు.

సత్యకుమారి నీళ్ల మీద నుంచి చూపు తిప్పకుండానే అంది.

"మళ్లీ అడుగు, రాజేంద్రా."