కోలాటం వాళ్ళ ఓటు

“నిన్నెవరు పంపించినారు? నిజం చెప్పు!”

అనూష చేతిలో కోలలు పైకి లేచే ఉన్నాయి. హాలు గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు బిత్తరపోయి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఎవరూ పంపించలేదండీ. నా పేరు పెంచలకృష్ణ. వెంకటాచలం దగ్గర మొగిలిపాలెం మాది. అమ్మవారి ఊరేగింపుకి మీ అవ్వగారికి తాంబూలం ఇచ్చినాను గదా, వ్యాన్ ఎప్పుడు పంపాల్నో అడిగిపోదామని...”

“ఊరేగింపు ఏ రోజు?”

“ఆదివారం.”

“ఆ రోజు మా ఊర్లో పంచాయతీ పోలింగు!”

“అవునా? మా మండలంలో తర్వాత విడతలో.”

“ఎంత అమాయకంగా చెప్తాండావో! మా సర్పంచి నరేంద్రబాబు నీకేమవుతాడు? మామా, బాబాయా?”

“ఆయనెవరో నాకు తెలీదండీ. మీ మీద ఒట్టు... కాదు కాదు, నా మీదే ఒట్టు.”

వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అనూషకు ఇంకా ఒళ్ళు మండింది.

మండదా మరి! సముద్రం పక్కనున్న ఆ ఊళ్ళో కోలాటం ఆడుకోవడానికి ఆడవాళ్ళకున్నది ఆ కమ్యూనిటీ హాలొక్కటే. ఈసారి గెలిస్తే దాన్ని రొయ్యల మేత బస్తాలు పెట్టుకోవడానికి ఇచ్చేస్తానని నరేంద్రబాబు చెరువుల ఆసాములకు మాటిచ్చేశాడు. హాలు జోలికి రానన్నది అతని మీద పోటీ చేస్తున్న రెబెక్కమ్మ ఒక్కతే. బతిమాలదామని వెళ్ళిన అనూషతో నరేంద్రబాబు నవ్వుతూ ఏమన్నాడనుకున్నారు? “మీ కోలాటమోళ్ళు ఎప్పుడైనా ఓటేసినారామ్మాయ్? మిమ్మల్ని నేనెందుకు లెక్కలో పెట్టుకోవాల?”

అది అబద్ధమైతే తిట్టి వచ్చేసేది. కానీ నిజం. ఎలక్షన్లంటే బృందానికి సీజను. అసెంబ్లీకైనా, పార్లమెంటుకైనా అన్ని పార్టీల ర్యాలీల్లోనూ ఆడతారు. తీరా పోలింగ్ రోజు ఏ ఊరి గుడి ముందో ఉంటారు. ఈసారైనా అందరం వేద్దామని అనూష ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది. ఇంతలో అవ్వ కామాక్షమ్మ తేదీ సంగతి ఆలోచించకుండా తాంబూలం అందుకుంది.

“తిరిగిచ్చేద్దాం అవ్వా,” అంది అనూష, పక్కనే కూర్చున్న అవ్వతో.

“అట్టెట్టా కుదురుద్దిమే? అమ్మవారి పేరు చెప్పి తీసుకున్న ఆకూ వక్కా. ఆడకపోతే ఏడాదంతా కోల పట్టగూడదు. మా అమ్మ కాలం నించీ ఇదే కట్టుబాటు.”

అనూష పెంచలకృష్ణ వైపు తిరిగింది. “అయితే మీ ఊరేగింపే సాయంత్రానికి మార్చుకోండి.”

“తెల్లారేటప్పటికి పల్లకి లేవాలండీ. కోలాటం లేకుండా ఎత్తరు. ముందురోజు రాత్రికే మిమ్మల్ని రమ్మంది అందుకే.”

అనూష కోలలు కిందికి దించింది. గొంతు కూడా దిగిపోయింది.

“సాయంత్రం ఒక్క గంట వీళ్ళందరూ పొయ్యి, మొగుడు, పిల్లలు అన్నీ మర్చిపోయి నవ్వేది ఇక్కడే. ఈ చోటు పోతే మళ్ళీ ఎక్కడ కలుస్తాం చెప్పండి?”

ఆమె కళ్ళల్లో నీళ్ళు పెంచలకృష్ణ కంటబడ్డాయి.

“మీరు ఓటేసే రండి,” అన్నాడు. “అమ్మవారికి కోలాటం కావాల, అంతే గదా? మీరొచ్చేదాకా మేం ఆడతాం.”

“మీకొచ్చా?”

“రాదు. నేర్పించండి.”

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం బండి మీద వచ్చేవాడు. ఇక్కడ నేర్చుకుని, రాత్రికి ఊరెళ్ళి స్నేహితులకు నేర్పేవాడు. నేర్చుకున్నదేమిటో దేవుడికెరుక! కుడికి తిరగమంటే ఎడమకు తిరిగేవాడు. కోల కోలకు తగలకుండా సొంత వేళ్ళకే తగిలేది.

“ఎటు చూస్తాండారు మీరు?”

“మీ వైపే. అంటే... మీ కోల వైపు.”

ఓ సాయంత్రం జోరున వాన. బయటికి పోయే దారి లేక ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. అతని వేళ్ళ కణుపులు కమిలిపోయి ఉన్నాయి. అనూషకు మనసు చివుక్కుమంది.

“మిమ్మల్ని అనవసరంగా అనుమానించినాను. సారీ.”

“మంచిదే. అనుమానించకపోతే ఆ రోజే వ్యాన్ సంగతి మాట్లాడేసి పోయేవాణ్ణి,” అన్నాడతను. వాన ఇంకాసేపు కురిస్తే బాగుండునని అనూషకు అనిపించింది.

“మీరు ఆడేదానికి మీ ఊరి పెద్దాయన ఒప్పుకున్నారా?”

“చెంచురామయ్య పెదనాయనా? ముందు తిట్టినాడు. తర్వాత, నువ్వు ఎగరతాంటే చూడాలనుందిలే, కానీయ్ అన్నాడు.”

ఆదివారం పొద్దున్నే, పోలింగ్ బూత్ తెరవకముందే, పట్టుచీరలు కట్టి, పూలు పెట్టుకుని బృందమంతా లైన్లో నిలబడింది. కామాక్షమ్మ జీవితంలో మొదటిసారి ఓటేసి, సిరా పెట్టిన వేలిని చంటిపిల్లలా మురిపెంగా చూసుకుంది. రోడ్డు అవతల నిలబడ్డ నరేంద్రబాబు ఆ లైను పొడుగు చూసి నవ్వడం మానేశాడు.

వ్యాన్ మొగిలిపాలెం చేరేసరికి ఎండ నెత్తికెక్కుతోంది. పల్లకి ముందు పెంచలకృష్ణ, అతని స్నేహితులు చెమటలు కక్కుతూ ఆడుతున్నారు. ఒక్కడి అడుగూ ఇంకొకడితో కలవడం లేదు. ఊరంతా పడీ పడీ నవ్వుతోంది. అయినా కోల మాత్రం ఆపలేదు వాళ్ళు. అనూషకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గబగబా వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది.

“ఇంక చాలు, పక్కకి రండి.”

“ఇంత దూరం వచ్చినాక ఎట్టా పోతాను?”

ఆమె అతని తప్పు అడుగుకే తన అడుగు కలిపి ఆడింది.

సాయంత్రం గుడి దగ్గర అందరూ కూర్చుని ఉండగా రెబెక్కమ్మ ఫోన్ చేసింది. లెక్కింపు అయిపోయింది. ఆమె ఓడిపోయింది, అదీ బొటాబొటి తేడాతో. ఇంత చేసీ హాలు పోయిందని అనూష అవ్వ భుజం మీద తల వాల్చేసింది. పెంచలకృష్ణ మంచినీళ్ళ గ్లాసు అందించాడు.

కాసేపటికి మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి నరేంద్రబాబు!

“అమ్మాయ్, హాలు మీరే వాడుకోండి. మేత బస్తాలకు వేరే చోటు చూస్తాలే. మీరంతా లైన్లో నిలబడతారని నేననుకోలా, కొంచెంలో పోయేవాణ్ణి. మళ్ళీ ఎలక్షన్‌కి కాస్త నన్ను కూడా గుర్తుపెట్టుకోండమ్మా.”

ఆడవాళ్ళ కేకలకు ఊరు దద్దరిల్లింది. పెంచలకృష్ణ అందరికంటే గట్టిగా అరిచి, అందరూ తననే చూస్తున్నారని గమనించి సిగ్గుపడ్డాడు.

చెంచురామయ్య గొంతు సవరించుకున్నాడు. “కామాక్షమ్మా, మావాడు ఆ హాలు చుట్టూ తిరిగింది కోలాటానికేనంటే నేన్నమ్మను. నీ మనవరాల్ని మా ఊరి ఓటరుగా మార్చేద్దామా?”

“దాన్నే అడగండి అన్నా,” అంది కామాక్షమ్మ నవ్వుతూ.

అనూష చెంపలు వేడెక్కాయి. తల మాత్రం దించలేదు.

“ఆయనంటే నాకిష్టమే పెదనాయనా. కానీ నా ఓటు మా ఊర్లోనే ఉంటది. కావాలంటే ఆయన్నే మార్చుకోమనండి.”

అందరూ పెంచలకృష్ణ వైపు చూశారు.

“మార్చుకుంటా. అయితే ఒక షరతు. ఓటెయ్యడానికి పోయేటప్పుడు ఇద్దరం కలిసే పోవాల.”

“ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ లైన్లు వేరే గదా?”

“గేటు దాకా అయినా కలిసే పోదాం అనూషా,” అన్నాడతను.

ఆమె సరేనంది.