ఊరూ పేరూ లేని మాట

మైథిలి నోయిడా ఆఫీసులో చేరిన మూడో రోజే ఫణికుమార్‌తో గొడవపడింది. మనసులోని బరువు కౌన్సెలర్‌కు రాసుకునే యాప్ ఒకటి తయారుచేస్తున్నారు వాళ్లు. అందులో ప్రతి మనిషినీ ఫోన్ నంబరుతోనే గుర్తించేలా పెట్టాడు ఫణి. అది తీసేసి ఒక్కొక్కరికీ ఒక పొడవాటి కోడ్ ఇమ్మంది ఆమె. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా వేరే చోట, తాళంలో ఉండాలంది.

ఈ వరంగల్ అమ్మాయికి అన్నిటికీ అనుమానమేనని విసుక్కుంటూనే ఆ పని చేశాడు ఫణి. ఆమెది ఎదురు సీటే కాబట్టి కోపంగా తలెత్తి చూసేవాడు. పాపం, అలా చూసీ చూసీ ప్రేమలో పడ్డాడు. ఇక నోరు పెగిలితే ఒట్టు.

యాప్‌ను ముందు ఆఫీసువాళ్లే వాడి చూడాలన్నారు. ఫణి ఉన్నదున్నట్టు రాసేశాడు: "ఎదురు సీటమ్మాయి నవ్వితే ఆ పూట నాకు పని సాగదు. చెబితే ఉన్న పలకరింపు కూడా పోతుందేమోనని భయం."

సోమవారం పొద్దున వాళ్ల మేనేజర్ రఘువీర్ ఆ రాతలన్నీ ఉన్న షీటును కౌన్సెలర్‌కు పంపబోయి ఆఫీసు మొత్తానికీ మెయిల్ కొట్టాడు.

ఫణి ఆ మెయిల్ చూశాడు. ఆమె చదివేసే ఉంటుంది, ఇక మొహమెలా చూపించాలి? షీటు తెరిచాడు. తన మాటలున్నాయి. పక్కన పేరు లేదు, నంబరు లేదు, తలాతోకా లేని కోడ్ ఒకటుంది. పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పటికే అందరూ ఆ ప్రేమికుడెవరా అని వెతుకుతున్నారు. పెళ్లయిన సాయిప్రకాష్‌ను కూడా వదల్లేదు.

మధ్యాహ్నం గేటు బయట టీ కొట్టు దగ్గర ఫణి ఆమెకు థాంక్స్ చెప్పాడు. ఆ రోజు పట్టుబట్టకపోతే తన పరువు గంగలో కలిసేదన్నాడు.

"మీరేం రాసిన్రో నాకు తెల్వదు. ఆ జాబితా నాకు కూడా ఇయ్యొద్దని నేనే చెప్పిన," అంది మైథిలి.

అంటే తప్పించుకోవచ్చు. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు. కానీ ఆ ధీమాతోనే అతనికి ధైర్యం వచ్చింది.

"పన్నెండో వరుస నాదండీ."

ఆమె నవ్వలేదు. ఫోన్ తీసి షీటులో పన్నెండో వరుస చదువుకుంది.

"నలభయ్యోది నాది. చదువుర్రి."

ఫణి ఫోన్‌లో వెతికి చదివాడు. "ఎదురుంగ కూసునే ఆయన మాట్లాడితే బాగుండు. నేనే ముందు మాట్లాడాల్నంటే సిగ్గయితంది."

"హమ్మయ్య," అంది మైథిలి, "ఇగ నేను చెప్పే పని లేదు."