రాప్తాడులో రెండో మోడెమ్

"ఈరన్నను ఈ సాయంత్రమే అరెస్ట్ చేస్తున్నాం" అన్నాడు చీఫ్.

ఏజెంట్ దివాకర్ కుర్చీలో ముందుకు వంగాడు. "నేరం?"

"దేశద్రోహం. రిటైరైన జియాలజిస్టు. వజ్రకరూరు వజ్రాల సర్వే మ్యాపులు రాప్తాడులో తన ఇంట్లోనే కూర్చుని సరిచేస్తుంటాడు. అవి ఒక్కొక్కటిగా విదేశీ ముఠాకు చేరుతున్నాయి. అన్నీ ఆయన బ్రాడ్‌బ్యాండ్ లైన్ మీంచే. ఇక మిగిలింది ఒక్క షీట్."

"సాక్ష్యం?"

"ఆ ఇంట్లో అద్దెకు దిగిన మన ఏజెంట్ ప్రసూన రిపోర్టు. తనకల్లు అమ్మాయి. చురుకైంది."

"మరి నేనెందుకు సార్?"

"నెట్ మాటిమాటికీ కట్ అవుతోందని ఈరన్న కంప్లయింట్ మీద కంప్లయింట్ పెడుతున్నాడు. దొంగపని చేసేవాడు లైన్‌మన్‌ను ఇంటికి పిలుచుకుంటాడా? అదొక్కటే నాకు మింగుడుపడటం లేదు. పోలీసులు వెళ్లేలోపు తేల్చు."

రాప్తాడులో ఎండ నిప్పులు చెరుగుతోంది. ఖాకీ చొక్కా, నడుముకు టెస్టింగ్ ఫోను, పిడిలో సిగ్నల్ మీటర్ దాచిన స్క్రూడ్రైవర్. దివాకర్ అచ్చం లైన్‌మన్‌లాగే ఉన్నాడు, ఆలస్యంగా రావడంతో సహా.

గేటు దగ్గర ప్రసూన ఎదురైంది. నల్ల కళ్లద్దాలు, అంత ఎండలోనూ ధర్మవరం పట్టుచీర.

"శెనక్కాయల ధర ఎట్లుండాది?" కోడ్ వర్డ్ విసిరాడు దివాకర్.

"వాన పడితే చెప్తానన్నా." గొంతు తగ్గించింది. "టైం వేస్ట్. ముసలాయనే దొంగ." నవ్వి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

లోపల ఈరన్న కంప్యూటర్ ముందు చిటపటలాడుతున్నాడు. "ఏమప్పా, ఇప్పటికి వస్తివా? కొంచేపు బాగుంటాది, మళ్లా సస్తాది. ఎన్నిసార్లు మొత్తుకోవల్ల?"

దివాకర్ కేబుల్ మార్చాడు. ఫోన్‌నూ నెట్‌నూ విడదీసే స్ప్లిటర్ మార్చాడు. తను తెచ్చిన కొత్త మోడెమ్ తగిలించాడు. అదే తంతు. పచ్చ లైటు వెలిగింది, మిణుకుమంది, ఆరిపోయింది. మీటర్ చూస్తే లైన్లో సిగ్నల్ నిక్షేపంగా ఉంది!

ఒక లైన్ మీద ఒక్క మోడెమ్‌కే చోటు. ఇది ఆరిందంటే ఇదే లైన్‌ను ఇంకెక్కడో ఇంకో మోడెమ్ పట్టుకుంది. ఎక్కడ?

పెరట్లో కేక వినిపించింది. దివాకర్ వెళ్లి చూస్తే ఈరన్న భార్య హనుమంతమ్మ ఖాళీ బిందె పట్టుకుని నిలబడింది. ప్రసూన గది గోడవారన నేల తడిగా ఉంది. ఆ తడిలోంచి కొత్త రాగి తీగ ఒకటి కిటికీలోకి పోయింది.

"చూడప్పా! ట్యాంకరు మళ్లా ఎప్పుడొస్తాదో ఏమో. బిందెడు తాగే నీళ్లు ఎర్తింగు గుంతలో పోసింది ఆ యమ్మి!"

"ఎండిన నేలలో ఎర్తింగ్ పట్టదు కదమ్మా. నీళ్లు అందరూ పోస్తారు."

"పోస్తారు. బోకులు తోమిన నీళ్లు పోస్తారు. తాగేటివి పోసే మనిషి మన పక్క యాడన్నా ఉండాదా?"

లేదు. తనకల్లూ ఈ కరువు సీమలోదే, అక్కడ పుట్టిన పిల్ల చచ్చినా ఆ పని చేయదు. ప్రసూన చెప్పిన ఊరు అబద్ధం. ఆమె రిపోర్టూ అబద్ధమే.

దివాకర్ కిటికీలోంచి చూశాడు. ల్యాప్‌టాప్, పక్కనే రెండో మోడెమ్. తెర మీద చివరి షీట్. అప్‌లోడ్ తొంభై నాలుగు శాతం.

ప్రసూన వెనక్కి తిరిగింది. చేతిలో పిస్టల్. "లేటయ్యావ్ దివాకర్. జైలుకు ఆయనే వెళ్తాడు."

తూటా కిటికీ చెక్కను చీల్చింది. తలుపు ఇనుపది, లోపల గడియ. దివాకర్ ఇంటి ముందువైపు పరుగెత్తాడు. బయటి లైన్ ఇంట్లోకి వచ్చే చోట గోడ మీది ఫోన్ పెట్టె మూత ఊడబెరికి, రెండు తీగలనూ గుప్పిట పట్టాడు.

సరిగ్గా అప్పుడే హాల్లో ఫోన్ మోగింది. రింగ్ కరెంటు భుజం దాకా కొట్టింది. పని ఎంతవరకు వచ్చిందని అడగడానికి చీఫే చేసి ఉంటాడు! పళ్లు బిగించాడు. వదిలితే ఆ ముసలాయన బతికినన్నాళ్లూ దేశద్రోహే. ఒక్క గుంజు గుంజాడు.

గదిలోంచి ప్రసూన కేక. గేటు దగ్గర పోలీసు జీపు. తలుపు పగలగొట్టి చూస్తే తెర మీద తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయి ఉంది.

ప్రసూనకు బేడీలు వేస్తుంటే ఈరన్న మెల్లగా అడిగాడు. "ఇవి నా కోసరం తెచ్చినారా?"

ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు. హనుమంతమ్మ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఈరన్న కాసేపటికి తేరుకున్నాడు. "అంతా సరేగానీ అప్పా, అరకొరగా వచ్చే నెట్టు గూడా పీకిపెడితివే. బాగు చేసిపో."

దివాకర్ తిమ్మిరెక్కిన చెయ్యి విదిలించుకున్నాడు. "కంప్లయింట్ రాయించండి సార్. లైన్‌మన్ వస్తాడు."