ఖనిల మిగిలిన రెండో మాటిజ్

మా గోదావరిఖనిల ఒకప్పుడు మాటిజ్ అని చిన్న కార్లు మస్తు తిరుగుతుండె. నేను కొంటే కాలనీ అంత నవ్విండ్రు, సదయ్య బెల్లం ముద్ద తెచ్చిండని. నవ్వితే నవ్విండ్రు, నాకేంది? బొగ్గు బాయిల నాతోని ఒకే షిఫ్టు చేసే ఆగయ్య బావ కూడ అసొంటిదే తెచ్చిండు. ఒక్కొక్కటి తుక్కుకు పోంగ పోంగ ఆఖరికి మా ఇద్దరియే మిగిలినయ్.

పోయిన ఎండకాలం ఆగయ్య పోయిండు. కొడుకు దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే, ఆ కారు ముందు సీట్లనే పానం విడిచిండు. అప్పటిసంది ఆ బండి మెకానిక్ మహబూబ్ షెడ్ల పడి ఉన్నది.

నా పెండ్లాం సమ్మవ్వకు కిడ్నీలు చెడిపోయినయ్. వారానికి రెండుసార్లు కరీంనగర్ పోయి డయాలసిస్ చేయించాలె. ఒక్కసారి తప్పితే దమ్ము ఆడదు. గసొంటి టైముల నా బండి సెల్ఫ్ మోటర్ కాలింది.

"గిది బజార్ల యాడ దొర్కుతది కాకా? ఆగయ్య కాక బండిదే ఇప్పాలె" అన్నడు మహబూబ్.

మిట్టమధ్యాహ్నం. వడగాలికి బయట కుక్క కూడ లేదు. మహబూబ్ పైకెల్లి నట్లు ఇప్పుతుంటే, నేను బండి కింది గుంతల నిలబడి మోటర్ పట్టుకున్న. చీకటి. తడి మన్ను, పాత ఆయిలు వాసన. అచ్చం బాయి లోపటి లెక్కనే ఉన్నది. మోటర్ చేతులకు సల్లగ తాకింది.

బాయిల మనిషి చస్తే, పీనుగను తెచ్చేటప్పుడు మేం పేరు వెట్టి పిలుస్తం. మలుపు మలుపుకు "పైకి పోతున్నం, రా" అంటం. లేకుంటే పానం కిందనే ఉండిపోతదని. పైకి వచ్చినంక "ఇగ నీ తొవ్వ నీది, పో" అని సాగనంపుతం. ఏండ్ల అలవాటు, నా నోరు ఊకుంటదా?

"ఆగయ్యా, పైకి పోతున్నం, రా" అన్న.

"ఎవల్ని పిలుస్తున్నవ్ కాకా?" మహబూబ్ మెల్లగ అడిగిండు.

ఫోను మోగింది. సమ్మవ్వకు ఊపిరి అందుతలేదని పక్కింటి జమున. ఆగమాగం పైకెక్కిన. మహబూబ్ జల్ది జల్ది మోటర్ నా బండికి బిగించిండు. తాళం తిప్పంగనే లేచింది. ఆ సంబురంల సాగనంపుడు మర్చిపోయిన.

ఇంటి ముందు ఆపినంక చూసిన. పక్క సీటు పూరాగ వెనుకకు జరిగి ఉన్నది. ఆగయ్యవి పొడుగు కాళ్లు. ఎక్కినప్పుడల్లా గట్లనే జరుపుకుంటుండె. తడి బొగ్గు వాసన...

సమ్మవ్వ జమునను పట్టుకోని వచ్చి వెనుక డోరు తీసింది.

"ముందల కూసో. గాలొస్తది."

"ఆగయ్యన్న కూసున్నడు గదా" అన్నది.

పక్క సీటు దిక్కు తిరిగిన. "ఆగయ్యా... ఇగ నీ తొవ్వ నీది, పో" అన్న. మళ్ల అన్న. నీ కాళ్లు మొక్కుత అన్న. వాసన పోలే. దిగి ఉరుకుదామంటే సమ్మవ్వ బతుకది. జమున డోరేసి పక్కకు జరిగింది, నడిపిన.

మొదటి మలుపు తిరిగినం. పక్క సీట్లకెల్లి సన్నగ...

"సమ్మవ్వా... పైకి పోతున్నం, రా."

ఆ మాట మేం బతికినోళ్లను అనం.

"పలుకకే!" అని ఒర్లిన.

అద్దంల దాని మొకం కనవడ్డది. ఆయాసం లేదు. నొప్పి లేదు.

"వస్తున్న అన్నా" అన్నది.

దవాఖాన కాడ డోరు తీసేసరికి అది లేదు. పీనుగే ఉన్నది.

ఇప్పుడు ఖనిల నడిచే మాటిజ్ ఇదొక్కటే. సంగతి ఇని మహబూబ్ వచ్చి తిట్టిండు. "బండిల కూసోని అంటే పోరు, మోటర్ ఇప్పి సాగనంపు కాకా, ఇద్దరినీ పంపెయ్" అన్నడు. మంచిగనే చెప్తున్నడు. ఆ ఒక్క మాట అంటే సమ్మవ్వ కూడ పోతది గదా, నేనెట్ల అంట రా, అన్న.

బండి వాకిట్ల ఎండల ఉన్నది. అద్దాలన్ని మూసి ఉన్నయ్. వెనుక అద్దం మీద లోపటికెల్లి ఆవిరి పడుతున్నది. ఆరుతున్నది. మళ్ల పడుతున్నది...