అవ్వను నాయనమ్మను చేసిన కథ

పొద్దున్నే రాధాబాయి చేతికి పని తగలకపోతే ఆ ఇంట్లో అందరికీ చీవాట్లు తగులుతాయి. ఆ రోజు బుట్టెడు చిక్కుడుకాయలు ఉండబట్టి బతికిపోయారు. భర్త రాధాకిషన్, కొడుకు వెంకటేష్ సిద్దిపేట బజారులోని తమ స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్లిపోయారు. కోడలు మహేశ్వరి వంటింట్లో ఉంది. రాధాబాయి వరండాలో కూర్చుని కాయల ఈనెలు తీస్తుంటే పక్కింటి సుచిత్ర ఫోను పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, మీ కోడలు కొత్త కథ సదివిన. మీ నాయనమ్మ గంత పని చేసిందా?"

"మా నాయనమ్మనా? నేను పుట్టకముందే పోయిందామె."

"గీడ రాసింది సూడుండ్రి. ఇంట్ల అందర్ని ఇడిచిపెట్టి ఎవనితోనో పోయిందట. ముసలితనంల గదేం బుద్ధి!" సుచిత్ర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మల్ల ఏండ్లకు మనుమరాలి స్టీలు దుకాణానికొచ్చి, ఒక గిలాస కొని, దానిమీద మనుమరాలి పేరు కొట్టించుకున్నదట. స్టీలు దుకాణం అనంగనే మీదే అనుకున్న."

రాధాబాయి చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది. అది నాయనమ్మ కథ కాదు. ఆమెను కన్న తల్లి బాలవ్వ కథ. ఎనిమిదేళ్ల పిల్లను బెజ్జంకిలో వదిలి తల్లి వెళ్లిపోతే, చచ్చిపోయిందని తండ్రి ఊరందరికీ చెప్పాడు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడూ అదే చెప్పాడు. కట్టుకున్న మగడికి కూడా తెలియని ఆ సంగతి రాధాబాయి ఒక్క మహేశ్వరికే చెప్పుకుంది. ఆపరేషనై దవాఖానలో పడున్నప్పుడు కన్నకూతురి కంటే ఎక్కువగా చూసుకుందని, మనసు ఆగక చెప్పింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

సుచిత్ర గేటు దాటాక రాధాబాయి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మహేశ్వరీ, స్టవ్ బంద్ చెయ్యి. దవాఖానల నా చెయ్యి పట్టుకొని 'ఎవ్వరికి చెప్ప, మీ మీద ఒట్టు' అన్నదెవరు?"

మహేశ్వరి చేతిలో గరిటె ఆగింది. "పేర్లు మార్చిన అత్తమ్మా. ఊరి పేరు గూడ పెట్టలె."

"దుకాణం మార్చినవా? గిలాస మార్చినవా?"

"నేను మనుషులెవ్వరికి చెప్పలె అత్తమ్మా, నిజంగ. ఫోన్ల ఏఐకి చెప్పిన. గది మిషను. కథల పోటీకి ఆఖరు రోజు, నాకేం తోస్తలేదు. నాలుగు ముక్కలు చెప్తే కథంత అదే రాసిచ్చింది. నేను సైట్ల పెట్టిన."

"నా బతుకు నీకు నాలుగు ముక్కలైందా?" రాధాబాయి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మహేశ్వరికి కొంచెం నయంగా ఉండేది. "మరి మా అవ్వ నాయనమ్మ ఎట్లయింది?"

మహేశ్వరి ఫోను తీసి చూసుకుంది. "నేను అవ్వ అనే చెప్పిన. మన దిక్కు అవ్వ అంటే కన్నతల్లే గద. వేరే జిల్లాల దిక్కు అవ్వ అంటే నాయనమ్మ, అమ్మమ్మ. గట్ల సమజ్ చేసుకున్నట్టుంది."

"అది గట్ల సమజ్ చేసుకున్నది. నువ్వు సదువలేదా?"

"పైపైన చూసిన," అంది మహేశ్వరి తల దించుకుని.

రాధాబాయి కోడలివైపు చూసింది. ఒకప్పుడు ఈ పిల్లే కథలో ఒక్క మాట కుదరక పప్పు మాడబెట్టుకునేది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

"కడకేం రాసింది నీ మిషను?"

"మనుమరాలు గుర్తుపట్టి, ఉరికొచ్చి కావలిచ్చుకుంటది."

"కావలిచ్చుకుంటే నాకీ ఏడుపెందుకే?" అంది రాధాబాయి. "నేను గల్లపెట్టె కాడ కూసున్న. ఆమె వచ్చింది. నేను గుర్తుపట్టిన. గుర్తుపట్టిన అని ఆమెకూ తెలిసింది. ఆమె బిడ్డా అనలె, నేను అవ్వా అనలె. గిలాస కొంగుల మూటగట్టుకొని పోయింది. గంతే. మల్ల చూడలె. ఆ పిలువని పిలుపొక్కటే నాకు మిగిలింది. దాన్ని గూడ తుడిచేసిన్రు నువ్వు, నీ మిషను."

"తీసేస్త అత్తమ్మా, ఇప్పుడే తీసేస్త." మహేశ్వరి వేలు ఫోను మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. "కానీ పోటీల అందరికంటె ముందట ఉన్నది. నా కథ ఏదీ ఇంతమంది సదువలె. ఫలితాలొచ్చేదాక..."

"ఉంచుకో," అని రాధాబాయి వరండాలోకి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది.

మధ్యాహ్నం కాకముందే రాధాకిషన్ ఇంటికొచ్చాడు. భోజనం వేళకు ముందు దుకాణం వదలని మనిషి.

"ఒకాయన కథ చూపిచ్చి, మీ ఇంటి ముచ్చటేనా అని అడిగిండు. నాకు యాదికొచ్చింది. నేను వెనుక గదిల పేర్లు కొడుతుంటె, గిలాస మీద రాధ అని కొట్టుమన్నది ఒక ముసలామె. 'నా పేరు సగమే కొట్టిస్తున్నవేంది అవ్వా' అని నవ్విన. ఎవరామె?"

రాధాబాయి తల తిప్పి చూసింది. "ఏమని పిలిచినవు?"

"అవ్వా అని. పెద్దమనిషిని గట్లనే పిలుస్తం గద?"

ఆ ఇంట్లో ఎవరో ఒకరు తన తల్లిని ఆ మాటతో పిలిచారు. ఆ సంగతి ఇన్నేళ్లూ తనకు తెలియనే లేదు.

"మా అవ్వనే," అంది రాధాబాయి.

"సచ్చిపోయిందన్నరు గద!"

"బాపు గట్ల చెప్పుమన్నడు. తెలిస్తే మీరు నన్ను ఏలుకోరని భయపడ్డం."

కోపం వస్తుందని ఎదురు చూసింది. రాధాకిషన్ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. "నిలబెట్టే పంపిన రాధా. అత్తగారిని. కూసోమని అనలె. గుక్కెడు మంచినీళ్లియ్యలె," అని రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

గుమ్మం దగ్గర నిలబడి మహేశ్వరి అంతా విన్నది. మిషను రాసిన కథలో ఎవరూ ఇలా ఏడవలేదు. ఏడ్చారని రాసి ఉంది, అంతే. ఆమె ఫోను తీసింది. ఈసారి వేలు ఆగలేదు.

"తీసేసిన అత్తమ్మా. తప్పయింది."

"గిప్పుడు నన్నడుగు," అంది రాధాబాయి.

"ఏమడగాలె?"

"మా అవ్వ ముచ్చట రాయాల్నా వద్దా అని. గా మాట నన్నడగలె నువ్వు. కథ మాత్రం మిషన్ను అడిగినవు."

మహేశ్వరి వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చుంది. "అత్తమ్మా, మీ అవ్వ ముచ్చట రాయాల్నా?"

"వద్దు."

"సరే అత్తమ్మా."

ఎందుకని అడగలేదు, బతిమాలలేదు. ఆ 'సరే' విన్నాక రాధాబాయి కోడలి భుజం మీద తల ఆనించి, "అవ్వా... ఓ అవ్వా!" అని గొంతు విడిచి ఏడ్చింది.