చాందిని కుడిచెయ్యి

ఆ అరబ్బు నగరంలో, షర్క్ అనే పేటలోని చిన్న ఆఫీసు తలుపును భుజంతో తోసుకుని వచ్చిన అమ్మాయి కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. ఆమె మొహం చూసి ప్రజ్ఞ మంచినీళ్ళ గ్లాసు ఎడమచేతి వైపు పెట్టింది.

"నన్ను మీరే కాపాడాలి మేడమ్," అందా అమ్మాయి, కూర్చోకుండానే.

వసుమతి కుర్చీ చూపించింది. బీమా కంపెనీల కోసం దెబ్బతిన్న బండ్లను ఏళ్ళ తరబడి పరిశీలించిన ఆవిడ ఇప్పుడు సొంతంగా పరిశోధనలు చేస్తోంది. అసిస్టెంటుగా చేరి రెండేళ్ళయినా ప్రజ్ఞకి ఆవిడ చూపంటే ఇంకా అబ్బురమే.

"నా పేరు చాందిని. బ్నీద్ అల్ గార్‌లో డెంటిస్టుని. గురువారం ఎగైలాలో ఒక బకాలా, అదే కిరాణా కొట్టు, దాని ముందు కారు ఆపి ఉంటే వెనక నుంచి ఒకతను గుద్దేశాడు. స్టీరింగుకి తగిలి బొటనవేలు విరిగింది. ఆపరేషన్ ఆలస్యమైతే బిగుసుకుపోతుందట. ఈ వేలు వంగకపోతే నేనింక డెంటిస్టుని కానండీ."

"అతనికి బీమా లేదా?"

"చవకలో వచ్చే చిన్నది ఉంది, దేనికీ చాలదు. అలాంటప్పుడు మిగతాది మా కంపెనీయే ఇచ్చేలా నేను అదనపు కవర్ తీసుకున్నాను. కానీ తప్పు అవతలివాళ్ళదైతేనే అది వర్తిస్తుంది. అతనేమో తన కారు పొద్దున్నుంచీ ఆపే ఉందనీ, నేనే రివర్సులో వచ్చి గుద్దాననీ చెప్పాడు. దానికి షాపాయన సాక్ష్యం. రేపు క్లెయిమ్ మూసేస్తారట."

వసుమతి బుగ్గలోని లవంగాన్ని అటు నుంచి ఇటు మార్చింది.

"మీకు పన్ను నొప్పి కదూ?" అంది చాందిని, తన బాధలోనూ.

"అబ్బే, ఊరికే అలవాటు," అంది వసుమతి. ప్రజ్ఞ నవ్వు దాచుకుంది.

కార్లు రెండూ షువైక్‌లో ఒక గ్యారేజీ షెడ్డు కింద ఉన్నాయి. గురువారం దుమ్ములోంచి కురిసిన వాన వాటి మీద బురద చుక్కలుగా ఎండిపోయింది. ప్రజ్ఞ సొట్టలు చూస్తుంటే, వసుమతి అవతలతని పాత కారు ముందు నిలబడింది. బానెట్టు నలిగి, లోపల బ్యాటరీ పగిలి, దాని తీగ తెగిపోయింది.

"అద్దం మీద ఏం కనిపిస్తోంది?"

"వైపర్లు మధ్యలో నిటారుగా ఆగిపోయాయి. అవి తిరిగిన మేర బురద లేదు. అంతే మేడమ్."

"అంతే చాలు."

ఎగైలాలో బకాలా నడుపుతున్న సమీవుల్లా, ఆ పాత కారు సొంతదారు తౌఫిక్, ఇద్దరిదీ కడప వైపే. ఇద్దరూ కొట్లోనే దొరికారు.

"వాన ఎప్పుడు మొదలైంది?" అడిగింది వసుమతి.

"అప్పుడే మేడం," అన్నాడు సమీవుల్లా. "పొద్దున్నుంచీ ఒక్క సినుకు లేదు. పడతానే ఎర్రగడ్డల మూటలు లోపలికి లాగినా. అంతలోనే దబ్‌మని సప్పుడు. వాన గూడా అంతటితోనే నిలిచిపాయ."

"తౌఫిక్, మీరప్పుడు?"

"లోపల చాయ్ తాగతాన్యా మేడం. కారు పొద్దున ఆపినోన్ని మళ్ళా ముట్టుకోలా."

"గుద్దిన తర్వాత?"

"తాళం తిప్పితే లైటు గూడా రాలా. అట్లే లాక్కపోయినారు."

మర్నాడు వసుమతి అందరినీ ఆ షెడ్డు కిందికే పిలిపించింది. బీమా అధికారి సోమేశ్వరరావు వస్తూనే, "త్వరగా తేల్చండి మేడమ్, ఫైలు మూసెయ్యాలి," అన్నాడు.

"ముయ్యకండి. ఈ వైపర్లు చూడండి. దెబ్బకి బ్యాటరీ తీగ తెగింది కాబట్టి, తర్వాత ఇవి తిరగలేదు. గుద్దడానికి ముందే తిరిగాయి. తిరుగుతుండగా కరెంటు పోయి మధ్యలో ఆగిపోయాయి. వాన అప్పుడే మొదలైందని సమీవుల్లా చెప్పారు. పొద్దున ఆపి, తాళం తీసేసిన కారులో వాన పడగానే వైపర్లు వేసిందెవరు?"

తౌఫిక్ తన చేతుల వంక చూసుకున్నాడు.

"నేనే మేడం. బురదకి బ్రేకు పట్టలా. నా బీమా సాలదని తెలుసు. మిగతాది నా నెత్తిన పడితే ఆ కారు అమ్మినా తీరదు. బయమేసింది."

"వాడట్లా వణకతాంటే సూల్లేక సాక్షి చెప్పినా. తప్పే," అన్నాడు సమీవుల్లా.

సోమేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారూ, మీ కవర్ వర్తిస్తుంది. ఆసుపత్రికి అనుమతి ఇవాళే పంపిస్తాను. తౌఫిక్, ఈ మాటే పోలీసుల దగ్గర చెప్పు. ఆ డబ్బు నీ దగ్గర రాబట్టుకునే హక్కు కంపెనీకి ఉంది. వాయిదాల సంగతి నేను మాట్లాడతాను."

తౌఫిక్ తలూపి, చాందిని వైపు తిరిగాడు.

"మీ బీమా చాలని రోజు కోసమే కదండీ నేనీ కవర్ కట్టింది," అందామె. "ఆ రోజు కారు దిగి 'దెబ్బ తగిలిందా అక్కా' అని అడిగుంటే సరిపోయేది."

కొన్నాళ్ళకి ఆఫీసుకి ఫోనొచ్చింది. ప్రజ్ఞ స్పీకర్ నొక్కింది.

"వేలు వంగుతోంది మేడమ్! సోమవారం నుంచి క్లినిక్కి వెళ్తున్నాను. మొదటి పేషెంటు మీరే."

వసుమతి హడావిడిగా హ్యాండ్‌బ్యాగు అందుకుంది. "సోమవారమా? ఎగైలాలో ఏదో పని..."

"ఏ పనీ లేదు," అంది ప్రజ్ఞ, బల్ల మీది లవంగాల డబ్బా తీసి సొరుగులో పెట్టి తాళం వేస్తూ. "యల్లా, పదండి మేడమ్. కారు నేను నడుపుతాను."