వార్నిష్ కింది తీగ

1984 ఆగస్టులో ఒక సోమవారం ఉదయం, తిరుపతి గాంధీరోడ్డులో ప్రైవేటు డిటెక్టివ్ సుందరరాజు గదికి కుడిచేతికి కట్టుతో ఒక యువతి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు వేసి ఉందా అని రెండుసార్లు చూసుకుంది.

ఆమె పేరు పద్మాక్షి. దేవనాథన్ అనే ఆయన నడిపే చిన్న ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ఇంజనీరు. ఆమె తయారుచేసిన పవర్ సప్లైని శనివారం శ్రీహరికోట నుంచి వచ్చిన అధికారులకు చూపిస్తుండగా అది పేలి, చెయ్యి కాలింది. డిజైన్‌లోనే లోపముందని యజమాని ఆమెను పనిలోకి రావద్దన్నాడు.

"లోపం లేదు సార్. ఎవరో కావాలనే చేసినారు. ఈ తూరి చెయ్యి కాలింది. ఇంకోతూరి ఏమైతాదో" అంది.

అదెలా పనిచేయాలో చెప్పమన్నాడు సుందరరాజు. బయటికి వెళ్ళే కరెంటు చిన్న రెసిస్టర్ గుండా పోతుంది. ఆ కరెంటును ఒక చిప్ కనిపెట్టుకుని ఉంటుంది. రెండు తీగలు కలిసి షార్టయితే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది; వెంటనే చిప్ అంతా ఆపేస్తుంది. గురువారం సాయంత్రం ఆమె పదిసార్లు షార్ట్ చేసి చూస్తే పదిసార్లూ ఆగింది.

"శనివారం అధికారుల ముందు షార్ట్ చేసి చూపించిందీ మీరేనా?"

"నేనే సార్. వాళ్ళ ముందర ఎప్పుడూ మా యతిరాజులు సార్ చేస్తారు. ఆ పొద్దు స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, నీ డిజైన్ గదమ్మా, నువ్వే చెయ్యి అన్నారు."

యతిరాజులు ఆమెకు పని నేర్పిన సీనియర్ ఇంజనీరు. ఆ పేరు చెప్పినప్పుడు ఆమె గొంతులో భక్తి వినిపించింది.

మధ్యాహ్నం సుందరరాజు తన సహాయకుడు ప్రేమానందంతో కర్మాగారానికి వెళ్ళాడు. పదిహేనేళ్ళుగా అక్కడ సోల్డరింగ్ చేస్తున్న మునిరత్నం ఏదీ దాచుకోలేదు.

"నిన్న వచ్చిన పిల్లకు నాకంటే పెద్ద కుర్చీ. నాకు కడుపు మండింది అప్పా. లేదని ఎందుకు చెప్పాల?"

ప్రేమానందం ఆ పేరు కింద గీత గీశాడు. అయితే గురువారం మధ్యాహ్నమే మునిరత్నం మైకా రేకుల కోసం గూడూరు వెళ్ళాడని, తిరిగి శనివారం పొద్దున్నే వచ్చాడని దేవనాథన్ చెప్పాడు. యతిరాజులు మాత్రం తననే తప్పుపట్టుకున్నాడు. శుక్రవారం సాయంత్రం సర్క్యూట్ బోర్డుకు తేమ తగలకుండా వార్నిష్ పూసింది తానేనని, అప్పుడైనా ఇంకోసారి పరీక్షించాల్సిందని, పాపం చిన్నపిల్ల తొందరపడిందని నెమ్మదిగా చెప్పాడు.

సుందరరాజు మాడిన బోర్డులోంచి చిప్ తీయించి మరో బోర్డులో పెట్టించాడు. చక్కగా పనిచేసింది. తర్వాత భూతద్దం, బ్లేడు అడిగి తీసుకుని బోర్డు వెనకవైపు వార్నిష్ గీకుతూ చాలాసేపు కూర్చున్నాడు.

అయిదు గంటలకు అందరూ దేవనాథన్ గదిలో కూర్చున్నారు. పద్మాక్షినీ పిలిపించారు.

"చిప్ బాగుంది, డిజైనూ బాగుంది" అన్నాడు సుందరరాజు. "రెసిస్టర్ రెండు కొసల్నీ కలుపుతూ ఒక సన్నని రాగితీగ అతికించి ఉంది. కరెంటు తీగలోంచే పోయింది. ఎంత పెరిగినా చిప్‌కు తెలియలేదు. మామూలుగా నడిచినంతసేపూ తేడా లేదు. షార్ట్ చేయగానే కరెంటు మొత్తం మోసే ట్రాన్సిస్టర్ పేలింది. తీగ వార్నిష్ కింద ఉంది. అంటే గురువారం పరీక్ష తర్వాత, వార్నిష్‌కు ముందు అతికించారు. అప్పుడు మునిరత్నం ఊళ్ళో లేడు. వార్నిష్ పూసే మనిషి ఆ తీగను చూడకుండా పూయలేడు. ఏళ్ళ తరబడి అధికారుల ముందు తన చేత్తో చేసిన పరీక్షను ఆ ఒక్కరోజే ఇంకొకరికి అప్పగించిన మనిషికి, అది పేలుతుందని తెలుసు."

అందరూ యతిరాజులు వైపు తిరిగారు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"మునుపు శ్రీహరికోట వాళ్ళు వస్తానే యతిరాజులు యాడ అనేవాళ్ళు. ఈ ఆర్నెల్లుగా పద్మాక్షి ఉండాదా అంటారు. డ్రాయింగు మీద ఆ యమ్మి పేరొకటే. నేను తలుపు తీసేవాణ్ణయినాను. అది ఫెయిలయితే చాలనుకున్నాను. చెయ్యి కాలాలని అనుకోలేదు."

"అనుకోకుంటే మీరే షార్ట్ చేసుండేవారు" అన్నాడు సుందరరాజు.

దేవనాథన్ పద్మాక్షికి క్షమాపణ చెప్పి, పోలీసులకు ఫోన్ చేయడానికి లేచాడు. పద్మాక్షి ఆయన వైపు చూడనేలేదు. యతిరాజుల్నే చూస్తూ అడిగింది.

"నేను బాగా చేసినానని ఒక్కదినమైనా అనుకున్నారా సార్?"

"అనుకున్నానమ్మా" అన్నాడాయన. "దినమూ అనుకున్నాను."